అన్న కాదు, బావ

ఊహ తెలిశాక నేను తిన్న మొదటి దెబ్బ ఒక్క మాట కోసం. మామ కొడుకును "అన్నా" అని పిలిచాను. అవ్వ, అంటే మా అమ్మను కన్న తల్లి, రెండు వేళ్లతో నా మూతి మీద ఒకటేసి "అన్న కాదు, బావ అనాల" అంది. దెబ్బ గట్టిదేమీ కాదు. తప్పేమిటో తెలియకుండా తిన్నాను కాబట్టి గుర్తుండిపోయింది.

మామ ఇల్లు చిత్తూరులో బెల్లం మండీల దగ్గర. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. నన్ను కన్నాక అమ్మకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాయి. అప్పటికే అత్త ఒళ్లో నెలల పిల్లవాడు ఉన్నాడు. ఆమె ఒక పక్క వాణ్ణి, ఒక పక్క నన్ను వేసుకొని పాలిచ్చింది. అమ్మ కోలుకొని, నాయన ఉద్యోగం చేసే సూళ్లూరుపేటకు వెళ్లిపోయింది గాని నన్ను తీసుకుపోలేదు. వచ్చే నెల, పై ఏడు అనుకుంటుండగానే నాకు ఇద్దరు చెల్లెళ్లు పుట్టారు. నన్ను తీసుకుపోతామని ఎవరైనా అంటే అత్త ఆ పూట అన్నం ముట్టేది కాదు.

అలా వాడూ నేనూ ఒకే ఉయ్యాల్లో పడుకున్నాం, ఒకే గంగాళం పక్కన స్నానాలు చేశాం. వాడి తలలో పేలు నా తలకెక్కాయి, నా గజ్జి వాడికి అంటుకుంది. బావను "వాడు" అనకూడదట, నేను ఇప్పటికీ వాడనే అంటాను. అవ్వ ముందు బావ, పెరట్లో అన్న. కొన్నేళ్లకు అవ్వే గెలిచింది. బావ అన్న మాట నా నోటికి అలవాటైంది, కానీ అది వాడి పేరులాగే ఉండేది తప్ప దానికి ఇంకో అర్థం ఉందని నాకు తోచలేదు. ఇంట్లో అందరికీ మాత్రం అర్థం స్పష్టంగా తెలుసు. మా పెళ్లి ఎవరూ కుదర్చలేదు, ఎందుకంటే కుదర్చాల్సిన పనే లేదు.

డెబ్భైల చివర్లో తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీలో చేరాను. వంశపారంపర్యం పాఠం చెబుతూ మేడమ్, మీలో మేనరికపు పిల్లలెవరని అడిగింది. సగం చేతులు లేచాయి. ఒకరినొకరు చూసుకొని కిసుక్కుమన్నాం. నా చెయ్యీ లేచింది, అమ్మా నాయనా మేనరికమే. ఇంకో రోజు మేడమ్ మరో మాట చెప్పింది. ఒకే గూట్లో కలిసి పెరిగిన జీవాలు పెద్దయ్యాక మామూలుగా జతకట్టవట. వాటికి రక్తసంబంధం అంటే ఏమిటో తెలియదు. పక్కన ఎవరు పెరిగారో తెలుసు, అంతే. మనుషుల్లోనూ ఆ గుణం కొంత మిగిలే ఉండవచ్చు అంది. అందరూ పరీక్ష కోసం రాసుకున్నారు, నేను పెన్ను పట్టుకొని ఊరికే కూర్చున్నాను.

చిత్తూరు బస్సులో ఇంటికి వస్తూ దారంతా అదే ఆలోచించాను. నాయన పెరిగింది నగరిలో, మగ్గాల చప్పుడు మధ్య. అమ్మ పెరిగింది చిత్తూరులో. గంగజాతరకు వస్తేనో ఎవరి పెళ్లికైనా కలిస్తేనో తప్ప ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అమ్మకు బావ అంటే చుట్టం. తలుపు చాటు నుంచి చూడాల్సిన మనిషి. మేనరికమనే ఆచారం ఆ దూరాన్ని నమ్ముకొనే ఇన్నాళ్లూ నడిచినట్టుంది. మా విషయంలో ఆచారం అలాగే ఉంది, దూరమే లేకుండా పోయింది. లోపల కాపలా ఉన్న ఆ పాతకాలపు గుణానికి గోత్రాలు, వరసలు తెలియవు. అది ఉయ్యాలను మాత్రమే చూసుకుంటుంది.

ఇదంతా ఎవరికి చెప్పను? చదువు చివరి ఏడాదిలో తాంబూలాలకు రోజు పెట్టారు. "పిల్లోడికేం తక్కువ? నీ మనసులో ఇంకోడెవడైనా ఉండాడా?" అని అమ్మ అడిగింది. ఎవరూ లేరు. ఉంటే నా పని సులువయ్యేది. వాడు మంచివాడు, వాడికేమైనా అయితే నా ప్రాణం పోతుంది, కానీ వాడి పక్కన పెళ్లాంగా పడుకోవడం మాత్రం నా వల్ల కాదు. ఆ మాట అమ్మతో అనడానికి నాకు నోరు లేదు. నోరు లేనందుకు అందరి మీదా కోపంగా ఉండేది.

పక్కింట్లో సాయిబుల కుటుంబం ఉండేది. ఆయన దర్జీ, ఆయన భార్యను మేం ఖాలా అని పిలిచేవాళ్లం. తాంబూలాలకు ముందు నా రవికలు ఇవ్వడానికి వచ్చి అవ్వతో మెల్లగా అంది. "పెద్దమ్మా, ఏమీ అనుకోవద్దు. ఒక తల్లి పాలు తాగినోళ్లకి మాలో నిఖా సేయరు. వాళ్లు అన్నాచెల్లెళ్లే."

అవ్వ ఊరుకుంటుందా? "మీరు సిన్నాయన కూతుర్నే సేసుకుంటారు గదమ్మా. అది మాలో సొంత సెల్లెలు. ఆ మాటింటే మాకు ఒళ్లు జలదరిస్తాది" అంది.

"మాకు మీ మేనమామని సేసుకునేది ఇంటే అట్లనే ఉంటాది" అని ఖాలా నవ్వింది. అవ్వకూ నవ్వొచ్చింది. ఇద్దరూ ఆకూ వక్కా వేసుకున్నారు. ఎవరి గీత వాళ్లకు దేవుడు గీసిందే. అత్త మాత్రం మడత పెట్టిన రవికలనే విప్పి మళ్లీ మడత పెడుతూ కూర్చుంది.

తాంబూలాల రోజు పొద్దున పట్టుచీర కట్టి నన్ను హాల్లోకి తెచ్చారు. వాడు మామ పక్కన చాప మీద, కొత్త పంచెలో, మొహం వేలాడేసుకొని కూర్చున్నాడు. పెద్దలకు నమస్కారం చేయమంటే వంగాను. జడలో పూలు దీపపు సెమ్మె మీదికి జారాయి. వాడు ఒక్క ఉదుటున లేచి నా జడ పట్టుకొని లాగాడు, చిన్నప్పుడు లాగినట్టే, కళ్లల్లో నీళ్లు తిరిగేలా. "జడ వదులన్నా" అన్నాను.

హాలంతా విన్నది. నాయన చేతిలో తాంబూలం పళ్లెం అలాగే ఉండిపోయింది. ముందు నవ్వింది వాడే. ఆ నవ్వు విన్నాక, ఇన్నాళ్లూ నోరు లేనిది నాకొక్కదానికే కాదని తెలిసింది.

"ఏదో నోరు జారినాది, కానీండి" అని అవ్వ అంటూనే ఉంది. అత్త వచ్చి నా చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయింది.

"నిజం సెప్పు. వాడంటే నీకు ఇష్టం లేదా?"

"ఇష్టమే అత్తా. అన్న మాదిరి ఇష్టం."

ఆమె బావిగట్టు మీద కూలబడింది. "ఆచారం కోసం ఈ పెళ్లి కోరినాననుకున్నావా నేను? నువ్వు ఈ గడప దాటకుండా ఉండాలని గదమ్మా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అంతవరకు అందరి మీదా ఉన్న నా కోపం ఆమె విషయంలో నిలవలేదు. ఆమె లేచి లోపలికి పోయి, తాంబూలాలు వద్దని తనే చెప్పింది.

బంధువులు నోటికొచ్చింది అన్నారు. రెండేళ్లకు తిరుపతిలో బయటి సంబంధంతో నా పెళ్లి జరిగింది. పేలాలు హోమంలో వేసేటప్పుడు పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నదమ్ములు. నాకు తోడబుట్టినవాళ్లంతా చెల్లెళ్లే. అవ్వ నగరి నుంచి పెదనాయన కొడుకును పిలిపించింది. వరసకు అసలైన అన్న. నేను ఆయన్ను అంతకుముందు సరిగా చూసిందే లేదు. ఆయన పంచె సర్దుకొని లేస్తుంటే అత్త "నువ్వు కూర్సో నాయనా" అని ఆపి, కొడుకును ముందుకు తోసింది.

అయ్యవారు వాణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వేమవుతావు బాబూ?" అన్నాడు. ఆ మంటపంలో సగం మందికి జవాబు తెలుసు. వాడు వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"అన్న, స్వామీ" అంది అత్త. "ఇద్దరూ నా పాలు తాగినోళ్లు."

అయ్యవారు మంత్రం అందుకున్నాడు. వాడు నా దోసిట్లో పేలాలు పోస్తూ, "హోమం ఆడ్నే ఉండాది, జడ సూసుకో" అన్నాడు.

"సరేలేన్నా" అన్నాను, అందరికీ వినిపించేలాగే. అవ్వ ముందు వరసలోనే కూర్చొని ఉంది. నా మూతి మీద కొట్టడానికి లేవలేదు.