పినాంగులో ఒంటి తుమ్ము

అది రెండు వేల ఐదు, వేసవి సెలవులు. సికింద్రాబాదు స్టేషనుకు ఎదురు సందులో, మేడమీద ఉండే ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను టూర్ మేనేజర్‌ని. కాశీ, రామేశ్వరం బస్సులతో మొదలైన ఆఫీసు అది. అప్పటికి కొన్నేళ్ళుగా సింగపూర్ నుంచి బయలుదేరే క్రూయిజ్‌లకు కూడా జనాన్ని తీసుకెళ్తున్నాం. క్రూయిజ్ అంటే మరేం లేదు, నీళ్ళ మీద హోటలు. రాత్రంతా నడుస్తుంది, పొద్దున్నే ఏదో ఒక రేవులో ఆగుతుంది. దిగి, ఊరు చూసి, సాయంత్రం చెప్పిన వేళకి మళ్ళీ ఎక్కేయాలి.

ఆ చెప్పిన వేళనే మా భాషలో ఆల్ అబోర్డ్ టైమ్ అంటారు. ఓడ కదిలే వేళ కాదది, అంతకన్నా ముందుది. ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్ళ తలకెక్కదు. కదిలే రైలుని పరుగెత్తి పట్టుకున్న అలవాటు అందరిదీ. ఓడతో అలా కుదరదండీ బాబూ! గ్యాంగ్‌వే, అంటే ఓడకీ గట్టుకీ మధ్య వేసే మెట్ల వంతెన, ఒకసారి తీసేశారంటే ఎవరొచ్చి బతిమాలినా మళ్ళీ వెయ్యరు. ఓడవాళ్ళే బస్సుల్లో తిప్పి చూపించే షోర్ ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళి ఆలస్యమైతే ఆగుతారు. సొంతంగా తిరగడానికి పోయినవాళ్ళ కోసం మాత్రం ఆగరు. చివరి నిమిషంలో సంచులు పట్టుకుని గట్టు మీద పరుగులు తీసేవాళ్ళకి పియర్ రన్నర్స్ అని పేరు. పైనుంచి వాళ్ళని చూసి ఈలలు వేయడం మిగతా ప్రయాణికులకి పెద్ద కాలక్షేపం.

నాకు కాస్త కోపం ఎక్కువ. ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే మరీను. మా నాన్న బడి మాస్టారు, గంట కొట్టాక వచ్చిన పిల్లల్ని గేటు బయటే నిలబెట్టేవాడు. ఆ గుణం నాకు దిగింది. దాసు గారి, అంటే నా, గుంపులో ఒక్కడు కూడా పియర్ రన్నర్ కాలేదు అని మా ఆఫీసులో చెప్పుకునేవారు. నేనూ ఆ మాట పదిమంది ముందు అనిపించుకోవడానికి మొహమాటపడేవాణ్ణి కాదు.

ఆ వేసవిలోనే అప్పలనరసమ్మ గారు మా మెట్లెక్కి వచ్చింది. సీతాఫల్‌మండిలో ఉంటుంది. శ్రీకాకుళం వైపు మనిషి, భర్త రైల్వేలో చేరితే ఆయన వెంట ఇక్కడికొచ్చి, ఆయన పోయాక కూతురింటి పక్కనే ఉండిపోయింది. వీధిలోవాళ్ళు నలుగురు మా టూరుకి పేర్లిస్తే, వాళ్ళతో కలిసి వచ్చింది. ఎవరొచ్చినా ముందు శాకాహారం దొరుకుతుందా, కడుపులో తిప్పుతుందా అని అడుగుతారు. ఈవిడ అవేవీ అడగలేదు.

“బాబూ, ఈ ఓడ పినాంగులో ఆగుద్దా?” అంది.

“ఆగుతుందమ్మా. పొద్దున దిగితే సాయంత్రం దాకా ఊరంతా చూపిస్తారు.”

“ఊరు నాకెందుకు బాబూ? మా అప్ప ఉంది అక్కడ.”

అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. వీళ్ళ నాన్న మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటల్లో పనిచేసేవాడట. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, అందర్నీ తీసుకుని ఓడెక్కి దేశానికి వచ్చేశాడు, పెద్దకూతురు పైడమ్మని తప్ప. ఆ పిల్లకి అప్పటికే అక్కడి తోటలోనే పెళ్ళి చేశాడు. నరసమ్మ గారికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మళ్ళీ ఏడు వచ్చి చూస్తాం అని చెప్పి వచ్చేశారు. ఆ మళ్ళీ ఏడు రాలేదు. ఈమధ్యనే ఫోనుల పుణ్యమా అని మాటలు కలిశాయి. పైడమ్మకి మోకాళ్ళు పోయాయి, కదల్లేదు. ఈవిడ ఒంటరిగా విమానాలెక్కి పోలేదు. గుంపుతో, ఓడ మీద అయితే పోగలదు. ఒక్క పగలు. అదీ సంగతి.

నాకు ఎక్కడ లేని దిగులు పట్టుకుంది. పినాంగు రేవు ఉన్నది దీవి మీద. సముద్రం అవతలి ఒడ్డుకి, పెద్ద వంతెన దాటి పోవాలి ఆ తోటకి. సొంతంగా పోయే మనిషి కోసం ఓడ ఆగదు. ఇంగ్లీషు రాదు, మలయ్ రాదు. చివరికి ఓడ పినాంగు చేరిన రోజు మిగతా గుంపుని ఓడవాళ్ళ బస్సు ఎక్కించి, నేనే ఆవిడ వెంట టాక్సీలో బయలుదేరాను. ఐదింటికి ఆల్ అబోర్డ్. డ్రైవరు తమిళుడు, మంచివాడు. మధ్యాహ్నం మూడుకల్లా తిరిగి బయలుదేరాలని అతనికి చెప్పాను, ఆవిడకి చెప్పాను, నాకు నేను చెప్పుకున్నాను.

దారి పొడుగునా ఆవిడ ఒళ్ళో సంచి పట్టుకుని కూర్చుంది. అందులో అక్క కోసం ఒక నేత చీర, తన చేత్తో వండిన చేగోడీలు. వంతెన మీద ఒకసారి, తాటి చెట్ల లాంటివి తోపులు తోపులుగా కనిపించిన చోట ఒకసారి, “వచ్చీసిందేటి బాబూ?” అని అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసి కొంగుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ఇల్లు చిన్నదే, రేకుల కప్పు. ముందుగదిలో మంచం మీద పైడమ్మ గారు కూర్చుని ఉంది. చూపు కూడా సరిగా ఆనదనుకుంటాను, గుమ్మంలో వెలుగుకి అడ్డంగా నిలబడ్డ మనిషిని చూసి, “ఎవులూ?” అంది.

“నానేనే అప్పా. నరసని.”

ఆవిడ కాసేపు అలాగే చూసింది. తర్వాత, “ఇంత ఆలీసమేటే గుంటా!” అని కసిరింది.

దాదాపు అరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన మనిషిని! నేను ఆలస్యం మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో లెక్కలేదు గానీ, ఆ ఒక్క మాట ముందు నా ఉపన్యాసాలన్నీ దండగ. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు చూడలేక నేను బయటికొచ్చి డ్రైవరుతో మాట్లాడుతూ నిలబడ్డాను.

పైడమ్మ గారి కోడలు చేపల పులుసు వండింది. నేను సిగ్గు లేకుండా రెండుసార్లు వేయించుకున్నాను. భోజనాలయ్యాక అక్క చెల్లెల్ని మంచం కింద నేల మీద కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసింది. ఊళ్ళో ఒక్కొక్కరి పేరూ చెప్పి ఉందా, ఉన్నాడా అని అడగడం, ఈవిడ పోయింది, పోయాడు అని చెప్పడం.

“అయితే ఇంకెవులున్నారే?” అంది అక్క.

“మనవేనే అప్పా,” అంది చెల్లెలు.

మూడైంది. నేను గుమ్మంలో నిలబడి దగ్గాను. నరసమ్మ గారు కళ్ళు తుడుచుకుని, సంచి తీసుకుని లేచింది. గడప మీద కాలు పెట్టబోతుండగా వెనకనుంచి పైడమ్మ గారు తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము వినపడితే ఏం చేస్తారో మీకు చెప్పాలా? నరసమ్మ గారు వెనక్కి వచ్చి కూర్చుంది. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. తాగింది. కాసేపు ఆగాలి కదా, ఆగాం. ఆ కాసేపట్లో అక్కచెల్లెళ్ళు మళ్ళీ కబుర్లలో పడ్డారు. నేను క్రైస్తవుణ్ణి, మా ఇంట్లో ఈ పట్టింపులు లేవు. అయినా సీతాఫల్‌మండి, బోయిగూడ జనాన్ని ఇన్నేళ్ళు ఊళ్ళు తిప్పినవాణ్ణి, తుమ్ముతో వాదన పెట్టుకోకూడదని తెలుసు.

మళ్ళీ లేచాం. మళ్ళీ తుమ్ము. మళ్ళీ ఒక్కటే.

నాకు ఒళ్ళు మండింది. ఇంకేం తోచక నేనే గట్టిగా హాఛ్ అని ఒకటి తుమ్మి, “రెండయ్యాయి, జంట తుమ్ములు, శుభం! పదండమ్మా,” అన్నాను.

పైడమ్మ గారు నా వైపు జాలిగా చూసింది. “రెండూ ఒక మనిసే తుమ్మాల బాబూ. అంత సదుకున్నావు, ఆ మాత్రం తెలీదేటి?” అంది. కోడలు వంటింట్లోంచి పకపకా నవ్వింది. నరసమ్మ గారు మళ్ళీ కూర్చుంది.

ఈసారి నేను గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నాను, మంచం ఓరగా కనిపిస్తుంది. ఇక లేద్దాం అని నేననగానే పైడమ్మ గారు అటు తిరిగి, చీర చెంగు కొసని వేళ్ళ మధ్య సన్నగా పురి తిప్పింది. తిప్పి ముక్కు దగ్గరికి తీసుకుంది. నేను చూశాను. అంతకన్నా ముఖ్యం, నరసమ్మ గారు కూడా చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు, తుమ్ము కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఈ అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకటే అని అప్పుడు అర్థమైంది నాకు.

నేను లేచి వెళ్ళి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాను. “పెద్దమ్మా, మీరు కావాలనే తుమ్ముతున్నారు.”

“మరేటి సెయ్యమంతావు?” అంది. కోపంగా కాదు. చెంగు కొస ఇంకా చేతిలోనే ఉంది. “మా అయ్యకి తుమ్మంటే మా పట్టింపు బాబూ. ఎవులు తుమ్మినా మూట దించీసేవోడు. ఈల్లు ఎలిపోయిన దినం ఓడకాడ నాను అదే సూసినాను. ఎవులైనా తుమ్మితే బాగున్ను, మా అయ్య ఆగుతాడు అని. అంత జనంలో ఒక్కులూ తుమ్మనేదు. నాకూ రానేదు. ఇలగ పురెట్టుకుంటే వస్తాదని అప్పుడు తెలీనేదు.”

నాది ఇంకో ఉద్యోగమేదైనా అయితే ఉండిపోండమ్మా అనేసేవాణ్ణి. కానీ చెప్పాలి, తప్పదు. చెప్పాను. ఈవిడ ఓడతో వచ్చిన మనిషి పెద్దమ్మా, ఓడతోనే పోవాలి. పాస్‌పోర్టు ఓడ ఆఫీసులో ఉంటుంది. ఓడ దాటిపోతే దేశంకాని దేశంలో దిక్కులేని మనిషవుతుంది. పోలీసులు వచ్చి తీసుకుపోతే మీ దగ్గరైనా ఉండనివ్వరు.

“రేపు ఇంకో ఓడ రాదేటి?”

“రాదు పెద్దమ్మా.”

ఆవిడ చెంగు వదిలేసింది. చెల్లెలి మొహం రెండు చేతులా తడిమింది. “అయితే లెగవే సెల్లీ. బేగి లెగు,” అంది.

లేచాం. సరిగ్గా అప్పుడే వంటింట్లో కోడలు, దారిలో తినడానికని పులిహోర తాలింపు వేసింది. ఎండు మిరపకాయల ఘాటు ముందుగదంతా కమ్మేసింది. నాకు కళ్ళమ్మట నీళ్ళు. డ్రైవరు వాకిట్లో దగ్గుతున్నాడు. గడప దాటబోతూ నరసమ్మ గారు వెనక్కి తిరిగింది. మంచం మీద పైడమ్మ గారి ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఈసారి నిజం తుమ్ము.

ఆవిడ రెండు చేతులా చెంగుతో ముక్కూ నోరూ నొక్కి పట్టుకుంది. మొహం కందిపోయింది, భుజాలు వణుకుతున్నాయి. నోరు విప్పితే తుమ్ము వచ్చేస్తుంది, అందుకని మాట్లాడదు. పో, పో అని తలతో సైగ చేస్తోంది.

“ఎల్లొస్తానే అప్పా,” అంది చెల్లెలు.

అక్క తల ఊపింది. మేం కారెక్కాం. వీధి మలుపు తిరిగేదాకా నేను చెవి అటే వేసి ఉన్నాను. తుమ్ము వినపడలేదు.

వంతెన మీద బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఆ గంటన్నర నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. రేవు దగ్గర దిగేసరికి మా గుంపులోని బోయిగూడ రామచందర్ గారు గ్యాంగ్‌వే మొదట్లో నిలబడి ఓడవాళ్ళతో చేతులూపుతూ కనిపించాడు. మమ్మల్ని చూడగానే కేక పెట్టాడు: “ఏందన్నా, గిట్ల పరేషాన్ చేస్తవ్! జెర ఆగుండ్రి, జెర ఆగుండ్రి అని చెప్పి చెప్పి నా నోరు ఎండిపాయె. ఉర్కుండ్రి!”

నరసమ్మ గారు చెప్పులు చేత పట్టుకుంది. నేను సంచి, పులిహోర పొట్లం పట్టుకున్నాను. పైనుంచి ఈలలు, చప్పట్లు. వాటిలో సగం మా గుంపువాళ్ళవే. ఇన్నేళ్ళ నా పరువు ఆ గట్టు మీద పోయింది, పోతే పోయింది అనుకుని పరుగెత్తాను. మేం లోపలికి అడుగు పెట్టాక వెనకాలే మెట్లు తీసేశారు.

ఓడ కదిలాక ఆవిడ డెక్కు మీదికి వచ్చి, ఇల్లు ఎటువైపు అని అడిగింది. నాకు సరిగా తెలియదు, అయినా అవతలి ఒడ్డు వైపు చెయ్యి చూపించాను. అటే చూస్తూ నిలబడింది.

“ఈపాటికి తుమ్మీసుంటాది కదా బాబూ? పాపం, ఎంతసేపని ఆపుకుంటాది!”

“తుమ్మేసే ఉంటుందమ్మా,” అన్నాను. అని ఇంక అక్కడ నిలబడలేక, మా వాళ్ళ లెక్క చూసుకోవాలని చెప్పి లోపలికి వచ్చేశాను. మెట్ల దగ్గర గోడకి ఆనుకుని ఏడ్చాను.

వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. తర్వాత కొన్నాళ్ళకి పైడమ్మ గారు పోయిందని సీతాఫల్‌మండి కూరగాయల దగ్గర కనిపించి నరసమ్మ గారే చెప్పింది. అప్పటినుంచి టూరుకి పేరిచ్చే ప్రతివాళ్ళనీ, ఏ రేవులోనైనా మీవాళ్ళెవరైనా ఉన్నారా అని ముందే అడుగుతాను. ఉంటే వాళ్ళకి ఓడ వద్దని చెప్పి, నాలుగు రోజులు ఉండి వచ్చేలా విడిగా ఏర్పాటు చేస్తాను. మా వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే అని చెప్పి ముగించవచ్చు. కానీ ఇంకొకటి ఉంది.

మా ఇంట్లో తుమ్ముల పట్టింపు లేదన్నాను కదా. నేను టూరుకి బయలుదేరే ప్రతిసారీ అమ్మ నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తుంది. కింద ఆటో ఆగి ఉంటుంది, హారన్ కొడుతూ ఉంటుంది. చిన్న ప్రార్థన చెయ్యమ్మా అంటాను. సరే అంటుంది. అని, వెళ్ళే దారిని, నడిపే డ్రైవర్లని, సముద్రాన్ని, గాలిని, పద్మారావు నగర్‌లో మా వీధి వీధంతటినీ పేరు పేరునా దేవుడికి అప్పగిస్తుంది. ముసలితనం, చాదస్తం అనుకునేవాణ్ణి. పినాంగు నుంచి వచ్చాక మరో టూరుకి బయలుదేరుతుంటే, ఆవిడ ఎప్పటిలాగే అందర్నీ అప్పగించి ఆమెన్ అని చెయ్యి తీసేసింది. నేను కళ్ళు తెరవలేదు.

“ఇంకా ఎవరినైనా మర్చిపోయావేమో అమ్మా,” అన్నాను.

కింద ఆటో ఇంకోసారి హారన్ కొట్టింది. అమ్మ చెయ్యి మళ్ళీ నా తల మీదికి వచ్చింది.