లింగన్న వేరు చేసిన రాళ్ళు

పందొమ్మిది వందల తొంభై అయిదులో నేను బహ్రెయిన్‌లోని మనామాలో మా అమ్మాయి ఇంట ఎనిమిది నెలలు ఉన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పి విరమించిన వాణ్ణి కనుక, సెలవు దినమైన శుక్రవారాల్లో కూలీల క్యాంపుల నుంచి వచ్చే మనవాళ్ళకు ఉత్తరాలూ అర్జీలూ రాసిపెట్టేవాణ్ణి. లింగన్న అలా పరిచయమయ్యాడు.

ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. తాతల నాటి నుంచీ వారి పని ఊరూరా తిరిగి విసుర్రాళ్ళకు కక్కు కొట్టడం, అంటే అరిగి నున్నబడిన రాతి మీద ఉలితో మళ్ళీ గాట్లు వేయడం. పిండిమరలు వచ్చి ఆ పని పోయింది. ఆయన ‘దుబాయి’ వచ్చాడు. ఇది బహ్రెయిన్ అని రెండుసార్లు సరిదిద్దాను. “దుబాయే సారూ” అన్నాడు. పేర్ల విషయంలో అంత ఉదారుడు, రాళ్ళ విషయంలో మాత్రం వెంట్రుకవాసి సడలలేదు.

ఊరి బయట నువైద్రాత్ వద్ద లింగన్న కంపెనీ వాళ్ళు ఒక గోదాము కోసం నేల చదును చేస్తూ, రాళ్ళన్నీ లారీకెత్తిస్తున్నారు. లింగన్న కొన్ని చెకుముకి రాళ్ళను విడిగా కుప్ప పెట్టాడు. ఫోర్‌మన్ నాగేంద్రబాబు కాకినాడ వాడు. పాతకాలపు వస్తువులు దొరికాయంటే పని ఆగిపోతుందని ఆయన భయం.

“ఏంటయ్యా, రాళ్ళకి జాతకాలు చెప్తున్నావా?”

“జాతకం గాదు సారూ. ఇయి మనిషి కొట్టిన రాళ్ళు.”

పగిలిన రాయికి కర్త అక్కరలేదు; పగలగొట్టిన రాయికి తప్పదు. ఈ భేదాన్ని ఎనిమిదో తరగతి వారికి ఎన్ని ఎండాకాలాలు చెప్పానో, ఎందరు కిటికీలోంచి బయటికి చూస్తూ తలలూపారో! అది వేరే కథ.

సంగతి ఎలాగో బయటికి పొక్కింది. పురావస్తువులు పరిశీలించే అధికారి వచ్చే రోజున, లింగన్నను నవ్వులపాలు చేయాలని నాగేంద్రబాబు పొద్దున్నే మూడు రాళ్ళను సుత్తితో పగలగొట్టి ఆ కుప్పలో కలిపాడు. అధికారి ఎదుట లింగన్న గొంతుక్కూర్చుని, ఒక్కొక్క రాయినీ బొటనవేలితో తడిమి, సరిగ్గా ఆ మూడింటినీ పక్కకు నెట్టాడు. తనకు వచ్చిన హిందీలో అధికారికి విడమరచి, ఫోర్‌మన్ కోసం తెలుగులో మళ్ళీ చెప్పాడు.

“ఇయి ఇయ్యాల కొట్టినయి. పగులు తెల్లగున్నది, వేలు పెడితె కోస్తది. పాత పగులుకు రంగు పట్టి ఉంటది. పాత రాళ్ళకు అంచు పొంటి సన్న దెబ్బలు ఒక్క దిక్కు నుంచే వరుసగ పడ్డయి చూడుండ్రి. ఎండకు పగిలినదానికి వరుస యాడిది? నాగేంద్రం సారూ, సుత్తె పట్టుడన్న నేర్వకపోతివి!”

అధికారి ఆ చోట కంచె వేయించాడు. పని ఆగింది. తాను పొరబడ్డానని లింగన్న కంపెనీకి రాసివ్వాలనీ, లేకుంటే వీసా ఇచ్చిన కఫీల్‌తో చెప్పి ఇంటికి పంపిస్తాననీ, ఇక అంతే, ఖలాస్ అనీ నాగేంద్రబాబు హెచ్చరించాడు.

తోటివాళ్ళు బతిమాలి, శుక్రవారం ఆయన్ను నా వద్దకు తెచ్చారు. ‘నా అజ్ఞానముచేత పొరపాటు జరిగినది, మన్నింపగలరు’ అని రాసి, వాక్యం కుదిరిందన్న తృప్తితో చదివి వినిపించాను.

“గా మాట కొట్టెయ్యి సారూ.”

“పంపించేస్తారయ్యా!”

“పంపనీ. మా అయ్య ఇరువై ఏండ్లు ఈ చేతులకు నేర్పిండు. గాయన నేర్పింది తప్పని నేను ఏలిముద్ర వెయ్య.”

నేను తటపటాయిస్తుంటే, చదువు రాని ఆ మనిషి కలం లాక్కుని ఏ వాక్యమని అడిగి, దాని మీద తానే గీత గీశాడు. ‘అవి మనిషి కొట్టిన రాళ్ళే’ అని రాయించి, దాని కింద వేలిముద్ర వేశాడు.

ఇంటికి పంపలేదు గాని, సీఫ్ అనే చోట సిమెంటు బస్తాలు మోసే పనికి మార్చారు. లింగన్న లారీ ఎక్కుతుంటే నాగేంద్రబాబు, “ఇప్పటికైనా ఒప్పుకోవయ్యా, ఇక్కడే ఉంచుతా” అన్నాడట.

“ఒప్పుకోను సారూ. యల్లా, బండి తియ్యమను” అన్నాడట లింగన్న.