సెకండ్ డివిజన్ ఓళిగలు

మా గోల్‌కీపర్ వాళ్ళమ్మకు గోల్ అన్నా మార్కు అన్నా ఒకటే. మేము మ్యాచ్ ఆడి బాగేపల్లికి వస్తే వాకిట్లోనే నిలబెట్టి, "ఎన్ని మార్కులొచ్చినాయప్పా?" అని అడిగేది. రెండంటే, "అంతసేపు ఎగిరి రెండేనా?" అని మూతి తిప్పేది.

ఆ సీజన్ చివరి మ్యాచ్ చింతామణిలో ఓడిపోయి, ఫస్ట్ డివిజన్ నుంచి కిందికి పడిపోయినాం. బస్సులో ఎక్కీ ఎక్కగానే మా కీపర్ ఫోన్‌లో, "సెకండ్ డివిజన్‌కి వచ్చినామమ్మా" అని పెట్టేసినాడు.

బస్టాండులో దిగేసరికి ఆమె డబ్బా నిండా వేడి ఓళిగలతో, అదే బొబ్బట్లతో, నిలబడి ఉంది.

"పదో క్లాసు ఎస్సెల్సీ మూడుసార్లు తప్పినోడప్పా నా కొడుకు! మీతో కూడినాకనే వానికి సెకండ్ డివిజన్ వచ్చింది" అని కళ్ళు తుడుచుకుంటా అందరి చేతుల్లో పెట్టింది. నిజం చెప్పే ధైర్యం పదకొండు మందిలో ఒక్కనికీ లేకపోయింది. నేనైతే రెండు తిన్నాను.

పోతా పోతా వెనక్కి తిరిగి, "వచ్చే ఏడు థర్డ్ వచ్చినా బాధ లేదప్పా, ఫెయిలు మాత్రం కావద్దండి" అనింది.

మా లీగ్‌లో ఉండేవి రెండే డివిజన్లు. ఆ కింద ఉండేది ఫెయిలే.

మర్నాడు తెల్లారేసరికి పదకొండు మందిమీ మైదానంలో ఉన్నాం.