కువైట్ ఎడారిలో పదిహేను చుక్కల ముగ్గు

మా చిన్నప్పుడు... కువైట్ ఎడారిలో, పికప్ బండికి దుప్పట్లు కట్టి చేసుకున్న డేరా ముందు, తెల్లవారగానే మా అమ్మ ఇసుక మీద ముగ్గు వేస్తోంది. నాకప్పుడు పదేళ్లు.

క్యాంపింగ్ అని ఇప్పుడు అందరూ ఫొటోలు పెడుతుంటారే... అలాంటిది కాదు. 1990 ఆగస్టు... ఇరాక్ సైన్యం ఊళ్లోకి దిగి పది రోజులైంది. కువైట్ సిటీ పక్కన రిగ్గైలో మా ఫ్లాటు కింద కిరాణా కొట్టాయన షట్టర్ తెరవనన్నాడని, తుపాకీ మడమలతో కొట్టి మా కళ్లముందే చంపేశారు. ఆ సాయంత్రమే నాన్న మమ్మల్ని బయల్దేరదీశాడు.

నాన్నది కడప వైపు. సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో డ్రైవరు. వాళ్ల కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ప్రతి చలికాలం ఇంటిల్లిపాదితో ఎడారికి పోయి డేరాలు వేసుకునేవాడు. ఎవరినీ అడగక్కర్లేదు... నచ్చిన చోట దిగడమే. ఆ గుంజలు పాతే పని మాత్రం మా నాన్నది! అలా తారురోడ్డు వదిలిన గతుకుల దారులన్నీ ఆయనకు తెలుసు. చెక్‌పోస్టులకు దొరక్కుండా సౌదీ సరిహద్దు వైపు కొంచెం కొంచెంగా పోతున్నాం.

మాతో లింగన్న ఉన్నాడు. అదే గోడౌన్‌లో మూటలు మోసేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, కువైట్ వచ్చి మూడు నెలలే. యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది... ఆయనకొచ్చిన అరబ్బీ అంతే. మా అమ్మను అక్కా అనేవాడు. తన వంతు నీళ్లలో సగం నాకే పోసేవాడు.

బయల్దేరాక అది మూడో రోజు. కళ్లాపికి నీళ్లెక్కడివి? తాగడానికే రెండు క్యాన్లు. కానీ పురుగు పట్టిన మైదా ఒక సంచి ఉంది. రిగ్గైలో గుమ్మం ముందు జానెడు జాగాలో మూడేళ్లు చిన్న ముగ్గులతో సరిపెట్టుకున్న మనిషికి, ఇక్కడ కనుచూపు మేరా ఖాళీ నేల దొరికింది. పదిహేను చుక్కలు పెట్టి మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఎవురు చూడాలని వేస్తాండావే?" అని నాన్న విసుక్కున్నాడు.

"నీళ్లు సల్లకపోతే మానె. ముగ్గన్నా లేకుండా పొయ్యెట్ల ముట్టిచ్చేది?"

ఇప్పటికీ కోపం వస్తుంది... అమ్మ మీద కాదు, ఆ పొద్దుటి మీద. ముగ్గు పూర్తయ్యేసరికి దూరంగా దుమ్ము లేచింది. మిలిటరీ జీపు.

లింగన్న ఉరికాడు. "అక్కా, గీ గీతలు జూస్తే ఏమనుకుంటరో ఏమో!" అంటూ కాళ్లతో ముగ్గు చెరిపేయసాగాడు. సగం చెరిగేలోపే వాళ్లొచ్చేశారు.

అసలు తంటా అక్కడే వచ్చింది... చెరుపుతున్నాడంటే ఏదో దాస్తున్నాడనుకున్నారు. విమానాలకు గుర్తులు పెడుతున్నారని ఒకడు, ఇది దారి పటం అని ఇంకొకడు. ఎవరి కోసం గీశావని లింగన్నను అడిగారు. ఆయనకేం అర్థమవుతుంది... చేతులు పైకెత్తి, మా అమ్మకు అడ్డంగా నిలబడి, "ఖలాస్, ఖలాస్" అన్నాడు.

రెండుసార్లు పేలింది. లింగన్న ముగ్గు మీదే పడ్డాడు. మైదా ఎర్రగా ముద్దయింది. అది చూడకూడదనుకుంటూనే చూశాను.

నాన్న అరబ్బీలో బతిమాలుతుంటే దవడ మీద కొట్టారు. పళ్లు రాలాయి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి మెడ మీద తుపాకీ పెట్టారు. ఇది మా ఆడవాళ్ల అలవాటు సార్, ఇంటి ముందు రోజూ వేస్తారు అని ఆ రక్తం నోటితోనే చెబుతున్నాడు. ఆఫీసరు నావైపు తిరిగాడు. అంత అలవాటైతే ఈ పిల్లకూ వచ్చి ఉండాలి కదా, వేయమను అన్నాడు.

నేనేమో రోజూ అమ్మకు దొరక్కుండా తప్పించుకున్న దాన్ని! వచ్చిందల్లా నాలుగు చుక్కల మెలిక ముగ్గు. అదీ సగం సగం. మైదా తీసుకుంటే వేళ్లలోంచి జారిపోతోంది. చుక్కలు వంకరపోయాయి. నాన్న చచ్చిపోతే అది నా వల్లే అని అప్పుడే తెలుసు నాకు. మూడో మెలిక దగ్గర తప్పాను.

"అట్ల కాదే మొద్దూ! కింద నుంచి తిప్పు!"

అమ్మ... తుపాకులన్నీ మరిచిపోయి, రోజూ తిట్టినట్టే తిట్టింది. ముందుకొచ్చి నా మణికట్టు పట్టుకుని మెలిక తిప్పించింది.

ఆఫీసరు మా ఇద్దరినీ చూశాడు. తెలుగు రాకపోతేనేం... కూతురికి నేర్పుతూ తిట్టే తల్లి వాళ్ల ఇంట్లోనూ ఉండే ఉంటుంది. తుపాకీ దించమన్నాడు. అంతలా నమ్మినవాడు లింగన్న వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. మా పర్సులు, లింగన్న జేబులోని ఇఖామా గుర్తింపు కార్డు, పికప్ అన్నీ తీసుకుని, ఒక్క నీళ్ల క్యాన్ పడేసి వెళ్లిపోయారు.

మేం చేతులతోనే ఇసుక తవ్వాం. అమ్మ తన చీర కప్పింది. ఆ సాయంత్రం ఒక గొర్రెల లారీ మమ్మల్ని ఎక్కించుకుంది... సరిహద్దు దాటాం, బతికాం. నాన్న ఆ తర్వాత బతికినన్నాళ్లూ జావే తాగాడు.

ఇప్పుడు ఫోన్లో లొకేషన్ పంపితే మనుషులు గుమ్మం దాకా వస్తున్నారు. మేం లింగన్నను పూడ్చిన చోటు మాత్రం మళ్లీ మేమే పోల్చుకోలేం. ఆయన పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. ఇంటిపేరు నాన్న ఎప్పుడూ అడగలేదు, ఊరి పేరు తెలియదు. నిజామాబాద్ వైపు రెండుసార్లు పోయి వెతికి వచ్చాడు...

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ, ఆ ఏడాది కువైట్ వెళ్లి తిరిగి రాని లింగన్న ఎవరైనా ఉన్నారా? పొడుగు మనిషి, కుడి చెవికి చిన్న పోగు. ఉంటే కింద రాయండి. ఆయన ఎక్కడో తప్పిపోయాడనో, మిమ్మల్ని మరిచిపోయాడనో ఇన్నాళ్లూ అనుకుని ఉంటారు. కాదండీ... మా అమ్మకు అడ్డంగా నిలబడ్డాడు.