ఆరేళ్ల పూతకు రెండు సీట్ల కారు

చాట్రాయి చుట్టుపక్కల తోటల్లో సువర్ణరాజును కారు రాజు అనేవారు. మొదట్లో ఆ పేరు ముద్దుగానే పెట్టారు. పోనుపోను అందులో వెటకారం చేరింది. చివరికి వెటకారం కూడా అరిగిపోయి ఉత్త పేరే మిగిలింది.

జమీ రోజుల్లో అతను చినదొరగారి దగ్గర పనికి కుదిరి, లాంతర్లు తుడవడం నుంచి కారు తుడవడానికి ఎదిగాడు. ఆ కారు విలాయతీది. ఎర్రటి రంగు, పొడుగాటి మూతి, పైన కప్పు లేదు. వానొస్తే గుడ్డ లాగి కట్టుకోవాలి. మధ్యలో ఇద్దరికి మాత్రమే చోటు. దొరగారు తనే నడిపేవారు. సువర్ణరాజు పక్కన కూర్చునేది గేట్లు తీయడానికీ, గొడ్లు అడ్డమొస్తే దిగి తోలడానికీ. అయితే దొరగారు ఏలూరులో రైలెక్కినప్పుడల్లా కారును ఇంటికి తేవలసింది అతనే. తోటల మధ్య ఎర్రమట్టి రోడ్డు మీద, మామిడి పూత వాసన ముఖానికి కొడుతుంటే, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని వచ్చే ఆ కాసేపటి కోసం అతను నెలంతా ఎదురుచూసేవాడు. మనిషికి దేవుడిచ్చిన సంతోషాల్లో అదీ ఒకటై ఉంటుంది. ఎక్కడ ఆగాలో మాత్రం ఆయన మనిషికే వదిలేశాడు.

జమీలు పోయాయి. యాభై ఎనిమిదిలో చినదొరగారు మద్రాసుకు కాపురం మారుస్తూ సామాను అమ్మకానికి పెట్టారు.

"కారు నువ్వే తీసుకోరా రాజూ. బయటివాడికిస్తే తుక్కు చేస్తాడు. నీకైతే ధర తగ్గించి ఇస్తాను" అన్నారు.

ఆయన మంచి మనసుతోనే అన్నారు, అన్నట్టే తగ్గించారు కూడా. తగ్గించిన ఆ ధరైనా సువర్ణరాజు జీవితంలో కళ్లచూడనిది. అతని చేతిలో ఉన్నదల్లా భార్య లేయా తోట ఒక్కటే. లేయా తండ్రి దేవసహాయం పంతులు మిషన్ బడి జీతంలోంచి మిగిల్చి ఆ మెట్ట నేల కొన్నాడు. ఒక్కొక్క మామిడి అంటునూ తన చేత్తోనే నాటి, కావడితో నీళ్లు మోసి పెంచాడు. కూతురికి ఇచ్చేటప్పుడు కాగితం మాత్రం అల్లుడి పేరనే రాయించాడు. "ఆడపిల్లకి కచేరీల చుట్టూ తిరిగే పనెందుకయ్యా, నువ్వున్నావుగా" అన్నాడు.

నూజివీడు వైపు తోట ఇవ్వడమంటే చెట్లు అమ్మడం కాదు. పూత చూసి ఆ ఏటి కాపు షావుకారుకు ఇచ్చేస్తారు. అవసరం గట్టిదైతే రెండు మూడేళ్ల పూత ముందే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. సువర్ణరాజు గ్రంధి వెంకటరత్నంగారి కొట్టుకు వెళ్లి ఆరేళ్లు అన్నాడు.

వెంకటరత్నంగారు కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. "ఆరేళ్లా! ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా ఏంటి?"

"లేదండీ. దొరగారి కారు కొంటున్నానండీ."

"ఆ బొమ్మ కారా? ఇద్దరెక్కితే మూడోవాడు ఒళ్లో కూర్చోవాలి. అదే డబ్బు పెట్టి పాత లారీ కొనుక్కో రాజూ, నా సరుకే తోలుకుందువు."

"అది వేరండీ. ఇది వేరండీ."

"ఏంటో ఆ వేరు! సరే, లేయమ్మతో చెప్పావా?"

"చెప్పానండీ."

చెప్పలేదు. షావుకారు గుమాస్తా కాగితం రాశాడు. ఏడాది కాపు అమ్మితే దున్నించడం, చెట్ల మీద బదనికలు కొట్టించడం రైతు వంతు. ఏళ్ల తరబడి అమ్మితే ఆ ఖర్చు కాపు తినేవాడి మీద రాయించుకోవాలి. లేకపోతే ఎవరూ పట్టించుకోరు. కొమ్మ రసం పీల్చి బతికే ఆ బదనిక ఒక్క వానాకాలంలో గుబురై కూర్చుంటుంది. తోట ఉన్న ఏ మనిషినడిగినా ఈ సంగతి చెబుతాడు. సువర్ణరాజు తోట మనిషి కాడు. గుమాస్తా "చదివి వినిపించనా?" అంటే కూడా "అక్కర్లేదండీ" అని, ఎండెక్కకముందే కారు తెచ్చుకోవాలన్న తొందరలో సంతకం పెట్టి లేచాడు.

కారు ఇంటి ముందు ఆగేసరికి లేయా కందులు చెరుగుతోంది. "దొరగారొచ్చారా?" అంటూ కొంగు సర్దుకుని లేచింది.

"దొరగారు కాదు. మనదే. ఎక్కు."

ఆమె చేట కింద పెట్టలేదు. "డబ్బెక్కడిదండీ?"

"కొంత నాకు రావలసిన జీతం కింద పోయింది. మిగతాదానికి ఈ ఏటి కాపు షావుకారుగారికి ఇచ్చాను."

"ఈ ఒక్క ఏడేగా?"

"ఆఁ."

లేయా నమ్మింది. ఆ ఆదివారం భర్త పక్కన కూర్చుని చర్చికి వెళ్లింది. గాలికి కొంగు ఎగిరిపోతుంటే పళ్లతో పట్టుకుని, పిల్లలా నవ్వింది. సువర్ణరాజు రోడ్డు కన్నా ఆమె ముఖమే ఎక్కువ చూశాడు.

ఆ తర్వాత కారు తన ఆకలి బయటపెట్టింది. పెట్రోలు కోసం హనుమాన్ జంక్షన్ దాకా వెళితే, వెళ్లి రావడానికే సగం అయిపోయేది. ఆ కొలత టైర్లు బెజవాడలో దొరకవు. ఏ భాగం విరిగినా మద్రాసు నుంచి రావాలి, మద్రాసువాడు ఇంగ్లండు నుంచి తెప్పించాలి. ఒకసారి ఇంజను మూత కింద ఎలుకలు కాపురం పెట్టి తీగలన్నీ కొరికేశాయి. కారును పోషించడానికి సువర్ణరాజు షావుకారు లారీకే డ్రైవరుగా కుదిరాడు. మామిడికాయల రోజుల్లో వారాలు వారాలు రోడ్డు మీదే. జంక్షన్‌లో టీకొట్టు చిన్నరాయప్ప అతన్ని చూస్తే చాలు, "రండి రండి కారు రాజుగారూ, ఇవాళ కారు మిమ్మల్ని మోసిందా, మీరు కారుని తోశారా?" అనేవాడు. అని, టీ మాత్రం నిండా పోసి ఇచ్చేవాడు. డబ్బులు తడుముకుంటుంటే "ఉండనివ్వండి లెండి, పెట్రోలుకి పనికొస్తాయి" అనేవాడు. ఆ మాటలో దయ ఎంతో, పోటు ఎంతో సువర్ణరాజుకు తెలిసేది కాదు.

మరుసటి వేసవిలో లేయా బుట్ట పట్టుకుని తోటకు వెళ్లింది. ఏటా మొదట పండిన చిన్నరసాలు చర్చిలో పెట్టడం వాళ్ల నాన్న నాటి నుంచీ ఉన్న అలవాటు. నిరుడు కాపు అమ్మేశారు గనక ఊరుకుంది. ఈసారి కొమ్మ వంచబోతుంటే కాపలా పోతురాజు గుడిసెలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. కాపు షావుకారుగారిది."

"నిరుడుది కదయ్యా?"

పోతురాజు తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు. "ఆరేళ్లదంటమ్మా. మీకు... అయ్యగారు చెప్పలేదా?"

లేయా కొమ్మ వదిలేసింది. అతను గబగబా లోపలికి వెళ్లి, గడ్డిలో దాచుకున్న పళ్లు తెచ్చి ఆమె బుట్టలో పోశాడు. "ఇవి నా వాటావి. ఎవరూ అడగరు, పట్టికెళ్లండమ్మా."

"నీ పిల్లలకి పెట్టు పోతురాజూ. దేవుడికిచ్చేది నాదై ఉండాలి" అని ఒక్కొక్కటీ తీసి తిరిగి అతని చేతుల్లో పెట్టింది.

ఇంటికొచ్చేసరికి సువర్ణరాజు కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏవండీ, తోట ఎన్నేళ్లకిచ్చారు?"

కారు కింద చప్పుడు ఆగింది. "ఆరు" అన్నాడు లోపల్నుంచే.

"నాతో ఒక్కటన్నారు."

"చెబితే నువ్వు ఒప్పుకోవుగా."

"ఒప్పుకోనని తెలిసే చేశారన్నమాట."

ఆమె గొంతు పెంచలేదు. ఆ పూట కూడా అన్నం వడ్డించింది, మజ్జిగ పోసింది, ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. సువర్ణరాజుకు ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మూడో ఏడు వానలకు తూర్పు వరస చెట్ల మీద బదనిక ఎక్కింది. లేయా చెప్పగా చెప్పగా అతను కొట్టుకు వెళ్లి బదనిక కొట్టించమని అడిగాడు.

"కాగితంలో ఉందా?" అన్నారు వెంకటరత్నంగారు.

"లేదండీ. కానీ ధర్మంగా..."

"ధర్మంగా అయితే ఆనాడే చదివి వినిపిస్తామన్నాం కదయ్యా. పోయిన రెండేళ్లూ గాలిదుమారానికి కాయ రాలితే నష్టం నేను పడలేదూ? నిన్నొచ్చి అడిగానా?"

అది నిజమే. సువర్ణరాజు వెనక్కి వచ్చేశాడు.

లేయా కోడిగుడ్లు అమ్మి, రాత్రిబడి పిల్లలకు కుట్టు నేర్పి, చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాళ్ల కూలికి డబ్బు కూడబెట్టింది. "లారీ దిగి రాగానే మనుషుల్ని మాట్లాడండి. వానలు వెనకబట్టేలోపు కొట్టించాలి" అని అతని చేతికే ఇచ్చింది. మోసపోయి కూడా మళ్లీ అతని చేతికే ఇచ్చింది. అంతకన్నా మంచితనం ఇంకెలా ఉంటుంది!

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి కబురొచ్చింది. ఆ కొలత టైర్లు ఒక జత వచ్చాయి, వెంటనే తీసుకోకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారు. సువర్ణరాజు ఒక రోజంతా ఆలోచించాడు. చెట్లు ఇంకో ఏడు ఆగుతాయనుకున్నాడు. టైర్లు ఆగవనుకున్నాడు. కొత్త టైర్లతో కారు ఇంటికొచ్చిన రోజున లేయా వాటిని చూసింది, అతన్ని చూసింది. ఆనాటి నుంచి ఆమె ఆ కారెక్కలేదు. చర్చికి నడిచే వెళ్లింది.

అరవై నాలుగులో కాగితం గడువు తీరి తోట తిరిగొచ్చింది. తూర్పు వరస నిలువునా ఎండిపోయింది. మిగతా చెట్లలో సగం బదనిక ఆకుతోనే పచ్చగా ఉన్నాయి తప్ప తమ ఆకుతో కాదు. నేల దున్నక రాయైంది. పోతురాజు కొడవలి తెచ్చి, ఎవరూ పిలవకుండానే ఒక చెట్టెక్కి కొట్టడం మొదలెట్టాడు. సువర్ణరాజు కింద నిలబడ్డాడు. ఎండిన కొమ్మలు కింద పడుతుంటే ఒక్కొక్కటీ లాగి పక్కన పెట్టాడు.

"లేయా, కారు అమ్మేస్తాను. ఆ డబ్బుతో అంట్లు నాటుదాం" అన్నాడు.

అమ్మబోతే కొనేవాడు లేడు. బెజవాడ నుంచి ఒకతను వచ్చి, చుట్టూ తిరిగి చూసి, ఇనుము తూకానికైతే తీసుకుంటానన్నాడు. సువర్ణరాజు ఒప్పుకోలేకపోయాడు. రెండు రోజులు ఆగి చెబుతానన్నాడు. లేయా వాకిట్లో నిలబడి ఆ మాట విన్నది.

మరునాడు పొద్దున్నే స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని వచ్చింది. "నూజివీడు వెళ్దాం. తోట నా పేర రాయించండి."

"నన్ను నమ్మవా లేయా?"

"నమ్మాను. రెండుసార్లు నమ్మాను. మీమీద కోపంతో కాదండీ. ఉన్న చెట్లయినా బతకాలి."

ఆమె బస్సులో వెళ్లింది, అతను కారులో వెళ్లాడు. రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తా కలం ఆపి, "ఎందుకు రాస్తున్నారండీ? కారణం ఏదో ఒకటి వెయ్యాలి" అన్నాడు. సువర్ణరాజు నోరు తెరిచాడు. లేయానే అందుకుంది. "ప్రేమతో ఇస్తున్నారని వెయ్యండి" అంది. గుమాస్తా అలాగే రాశాడు. సువర్ణరాజు ఈసారి కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు, చదివి సంతకం పెట్టాడు.

బయట హోటల్లో ఆమె అతనికి ఇడ్లీ పెట్టించింది, కాఫీ ఇప్పించింది, డబ్బులు తనే ఇచ్చింది. చాట్రాయి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఒక కుర్రవాణ్ణి లేపి, "అమ్మగారూ, కూర్చోండి" అన్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఒడిలో కాగితాల సంచి రెండు చేతులా పట్టుకుంది.

బస్సు కదిలింది. సువర్ణరాజు కారు దగ్గరికి వెళ్లి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను పలకలేదు. మళ్లీ తిప్పాడు. మామిడి మార్కెట్టు వైపు నుంచి వస్తున్న ఇద్దరు హమాలీలు చూసి, బుట్టలు కింద పెట్టి వచ్చారు.

"కూర్చోండి బాబూ, మేం తోస్తాం."

అతను కూర్చున్నాడు. వాళ్లు భుజాలు ఆనించి తోశారు. కాస్త దూరం పోయాక ఇంజను దగ్గి, అందుకుంది. వాళ్లు సంతోషంగా చేతులూపారు. బస్సు లేపిన దుమ్ము ఇంకా రోడ్డు మీదే ఉంది. ఆ దుమ్ములోకి కారు పోనివ్వడానికి సువర్ణరాజుకు మనసొప్పలేదు. ఇంజను నడుస్తుండగానే రోడ్డు వార కారు ఆపి, పెట్రోలు ఎంత ఖర్చవుతున్నా సరే, దుమ్ము అణిగేదాకా అక్కడే కూర్చున్నాడు.