అభిజిత్ లగ్నంలో రౌటర్

ఆ రోజుల్లో ఒక ఇంటికి ఇంటర్నెట్ వచ్చిందంటే ఇరుగుపొరుగు చూడ్డానికి వచ్చేవారు. సగంమంది మెచ్చుకుని, మిగతా సగం జాగ్రత్తలు చెప్పి, అందరూ కాఫీ తాగి వెళ్ళేవారు. నేనప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ షాపులో పనిచేస్తూ మా పెదనాన్నగారి మేడమీద గదిలో ఉండేవాణ్ణి. కీబోర్డు తుడవడం వచ్చిన ప్రతివాడూ ఇంజనీరే అనుకునే కాలం గనక, ఆ ఇంటికి నేనే ఇంజనీర్ని.

వాళ్ళమ్మాయికి, అంటే మా అక్కకి, సంబంధాలు వెతకడానికే పెదనాన్న నెట్టు పెట్టించారు. పొద్దున్నే ఆయనతో నడిచే మిత్రులు మాత్రం "ఇంక పిల్లలు చెడిపోయినట్టేనండీ" అని బెదరగొట్టారు. (చెడిపోవడానికి ఆ ఇంట్లో పిల్లలెవరూ లేరు. ఉన్నది ఇరవయ్యేడేళ్ళ అక్క ఒక్కతే.) "పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇల్లురా! చెడ్డ సైటు ఒక్కటి కూడా గడప తొక్కకూడదు" అని నాకు హుకుం జారీ అయింది. నిషేధించిన సైట్ల లిస్టు ఒకటి రౌటర్‌లో పెట్టాను. లోకంలో రోజూ కొత్త చెడు పుడుతూనే ఉంటుంది కాబట్టి, రౌటర్ కూడా రోజూ ఒక వేళకి తనంతట తానే కొత్త లిస్టు తెచ్చుకుని, ఒకసారి ఆగి లేస్తుందని చెప్పాను. "అర్ధరాత్రి పెడతానండీ" అన్నాను. "అర్ధరాత్రి మంచిపనేమిట్రా?" అని ఆయన పంచాంగం తీశారు. వర్జ్యం రోజుకో వేళకి వస్తుంది, రౌటర్‌కి పంచాంగం చదవడం రాదు అని మొత్తుకుంటే, "అయితే పగలు పన్నెండింటికి పెట్టు. అభిజిత్ లగ్నం, ఏ దోషమూ అంటదు" అన్నారు. పెట్టాను. పాస్‌వర్డ్ మాత్రం నన్ను అటు తిరగమని ఆయనే కొట్టుకున్నారు.

కొన్నాళ్ళకి మైలవరం సంబంధం వచ్చింది. అబ్బాయికి పూణేలో సెలవు దొరకలేదు, తల్లిదండ్రులే వచ్చారు. అబ్బాయి కంప్యూటర్‌లో కనబడతాడన్నమాట. ఏ సంబంధానికైనా "మీ ఇష్టం" అని ఊరుకునే అక్క ఆ రోజు రెండుసార్లు చీర మార్చింది. ఇది తప్పిపోతే ఆమె మనసు కష్టపడుతుందని నాకు తెలిసిపోయింది.

"సరిగ్గా పన్నెండింటికి లైన్లోకి వస్తాడండీ. అభిజిత్ లగ్నం కదా!" అన్నారు అబ్బాయి తండ్రి.

"మా ఇంట్లోనూ అన్నీ ఆ వేళకేనండీ!" అని పెదనాన్న మురిసిపోయారు. పక్కనే నిలబడి ఇంజనీరుగారు కూడా తలాడించారు.

పన్నెండైంది. తెరమీద అబ్బాయి నమస్కారానికి చేతులెత్తాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. రౌటర్ దీపాలు ఆరి, వెలిగాయి. కానీ ఆ రోజు వచ్చిన కొత్త లిస్టులో వీడియోలో మాట్లాడుకునే సైటు కూడా చెడ్డవాటిలో చేరింది. "శుభమా అని మొదలుపెడితే ఇదేంటండీ!" అంది అబ్బాయి తల్లి.

"లిస్టు తీసెయ్యాలి పెదనాన్నా, పాస్‌వర్డ్ చెప్పండి."

"అందరిముందూ ఎలా చెప్తాన్రా?"

చెవిలో చెప్పారు. తప్పు. ఇంకోటి చెప్పారు. అదీ తప్పే. "గట్టిగా ఓ దెబ్బ వేసి చూడండి" అని అబ్బాయి తండ్రి సలహా ఇచ్చారు. మగవాళ్ళమంతా ఆ డబ్బామీదికి వంగిపోయాం.

తలెత్తేసరికి అక్క లేదు. అబ్బాయే వాళ్ళమ్మ సెల్‌కి ఫోన్ చేస్తే, ఆవిడే దాన్ని అక్క చేతిలో పెట్టి వెనక బాల్కనీలోకి పంపిందట. పెదనాన్న అటు కదలబోతే పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మాట్లాడుకోనివ్వండి. మీరు మీ డబ్బా చూసుకోండి." బాల్కనీలోంచి అక్క నవ్వు వినిపించింది. ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు నేనెప్పుడూ వినలేదు.

అక్క లోపలికొచ్చి, ఎవరూ అడక్కుండానే, "నాకిష్టమే నాన్నా" అంది. పెదనాన్న వెంటనే, "చూశార్టండీ లగ్నబలం!" అన్నారు వియ్యంకుడితో.

మొన్న మా అమ్మాయి కాలేజీలో చేరింది. ఇంట్లో రౌటర్ ముందు కూచుని ఏమేం మూసెయ్యాలో చూస్తున్నాను. (పంచాంగం ఒక్కటే తక్కువ.) అక్క ఫోన్ చేసి, ఏం చేస్తున్నావంటే చెప్పాను.

"అన్నీ మూసేస్తే అది ఎవరితో నవ్వుతుందిరా?" అంది.

ముందు నేనే నవ్వాను.