పన్నెండు చెట్లకు నీలం పట్టీ

సువర్ణ పీహెచ్‌డీలో చేరి ఎనిమిదేళ్లయింది. మూడేళ్లలో ముగిసిపోతుందని నలుగురికీ చెప్పి మొదలుపెట్టిన చదువది. అమలాపురంలో ఆమె జువాలజీ చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, ప్రిన్సిపాల్ మొదలు గంట కొట్టే మనిషి దాకా, ఆ మాట నమ్మి అప్పుడే “డాక్టరమ్మ గారు” అనడం మొదలెట్టేశారు. మన వైపు సంగతి తెలిసిందే కదా, పని కాకముందే మర్యాద తయారు. కొత్తలో ఆ పిలుపు వింటే ఆమెకు ఒళ్లు పులకరించేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే తల దించుకుని, అవసరం లేకపోయినా చీర కుచ్చెళ్లు సర్దుకుంటుంది.

ఇంత ఆలస్యమేమని అడిగితే చెప్పడానికి కారణాలు బోలెడున్నాయి. పెళ్లయింది, పిల్ల పుట్టింది, కరోనా వచ్చింది. వేసవి వచ్చిందంటే ఊరూరా తిరిగి ఇంటర్ పిల్లల్ని అడ్మిషన్లకు పట్టుకొచ్చే పని కాలేజీవాళ్లు లెక్చరర్ల నెత్తిన రుద్దుతారు. అన్నీ నిజాలే. కాదని ఎవరన్నారు? కానీ ఈ బాధలు లేనిదెవరికి? ఆమె దగ్గరే డిగ్రీ చదివిన ప్రియాంక, ఆమె తర్వాత నాలుగేళ్లకు చేరి, కడుపుతో ఉన్నప్పుడు కూడా ల్యాబు మానకుండా తిరిగి, నాలుగేళ్లకల్లా పట్టా పుచ్చుకుంది. పోయిన నెల స్టాఫ్‌రూముకు పూతరేకులు తెచ్చి, మొదటిది సువర్ణ చేతిలోనే పెట్టింది. “మరి మీదెప్పుడు మేడమ్” అని మాత్రం అడగలేదు పాపం. ఆ అడగకపోవడమే సువర్ణకు ఎక్కువ గుచ్చుకుంది. పూతరేకు నోట్లో పెట్టుకుందే గాని మింగుడు పడలేదు.

అసలు గుట్టు వేరే ఉంది. ఆమె పరిశోధన కొబ్బరికి పట్టే తెల్లదోమ మీద. మందు కొట్టని చెట్లను ఎంచుకుని, రెండేళ్లపాటు పదిహేను రోజులకోసారి వెళ్లి, దోమ ఎంత పెరిగిందో లెక్క రాయాలి. ఐనవిల్లి దగ్గర బాపిరాజు గారి తోటలో పన్నెండు చెట్లకు మొదళ్ల మీద నీలం రంగు పట్టీలు వేయించింది. ఎనిమిది నెలలు వంక పెట్టడానికి లేకుండా వెళ్లింది. చెట్టెక్కి కాయ దింపు తీసే మనిషి చెట్టుకో మట్ట కోసి పడేస్తే, కింద గోనె మీద కూర్చుని రెబ్బ రెబ్బా తిప్పి లెక్కపెట్టేది. ఆ తర్వాత ఒకసారి తప్పింది. పై వారం వెళ్దాంలే అనుకుంది. ఆ పై వారం ఆరేళ్లయినా రాలేదు.

తోటకు వెళ్లడం తప్పింది గాని, ఆరు నెలలకోసారి యూనివర్సిటీకి పంపే ప్రగతి నివేదిక ఏనాడూ తప్పలేదు. “పని సంతృప్తికరంగా సాగుతున్నది” అన్న పాత వాక్యానికే పైన కొత్త తేదీ వేసి పంపేది. అలా పదకొండుసార్లు పంపింది. ఒక్కరైనా ఏదమ్మా ఆ పని అని అడిగి ఉంటే ఆమె బాగుపడేదేమో, ఎవరూ అడగలేదు.

చివరికి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇదే ఆఖరి గడువు, నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. రెండేళ్లూ పరిశీలన జరిగిందని తోట యజమాని సంతకం చేసిన పత్రం కూడా జతచేయాలి. “అంకెలదేముందమ్మా, ఎలాగోలా సర్దుకో. సంతకం మాత్రం తెచ్చుకో” అన్నారు గైడు గారు ఫోనులో. సువర్ణ వారం రోజులు కూర్చుని, చూడని పదహారు నెలల లెక్కలు ఊహించి రాసింది. సిగ్గు వేయలేదా అంటే, వేసింది. అయినా రాసింది.

ఆదివారం పదకొండింటికి స్కూటీ మీద బాపిరాజు గారింటికి వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి, ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“రండి డాక్టరమ్మ గారూ. బాగున్నారాండి? బుల్లెమ్మా, ఎవరొచ్చేరో చూడు.”

ఆయన భార్య బుల్లెమ్మ గారు బొండాం కొట్టించి తెచ్చారు. ఆరేళ్లు మొహం చాటేసిన మనిషిని, నిన్న వచ్చి వెళ్లినట్టే పలకరించారు ఇద్దరూ. సంతకం అడిగేసి వెళ్లిపోదామని సువర్ణ సంచిలో చెయ్యి పెట్టబోయింది. ఆయన వింటేగా.

“ముందు మీ చెట్లు చూసుకుందురు గాని, రండి.”

సువర్ణ ఆయన వెనకే తోటలోకి వెళ్లింది. చుట్టూ చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ పన్నెండూ మాత్రం దోమ వల్ల మట్టలు మసి పట్టి, గెలలు పలచబడి, చూడ్డానికే దీనంగా ఉన్నాయి. మొదళ్ల మీద నీలం పట్టీలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

“వానలకి వెలిసిపోతుంటే ఏటా మళ్లీ వేయిస్తున్నానండి. మొన్న ఉగాది ముందు కూడా వేయించేను. తోటంతా వేపనూనె కొట్టించేం గాని, వీటి జోలికి ఎవర్నీ రానివ్వలేదండి. నేను చెప్పేదాకా మందు ముట్టించొద్దన్నారు కదా మీరు.”

నిజమే, అప్పట్లో అలా అంది. అన్న సంగతే మరిచిపోయింది. నిలువునా చచ్చిపోయినట్టయింది ఆమెకు.

తోటలోంచి వాళ్లింటికి తిరిగొచ్చాక సంచిలోంచి కాగితం తీసింది. కళ్లజోడు లేదు, కాస్త చదవమన్నారు ఆయన. “ఇరవై నాలుగు నెలలపాటు, ప్రతి పదిహేను రోజులకు ఒకసారి, క్రమం తప్పకుండా మా తోటకు వచ్చి” అని ఒక్క బిగిన చదివేసింది. బుల్లెమ్మ గారు భర్త వైపు చూశారు. ఆయన చూపు తిప్పుకుని కలం అందుకున్నారు.

“ఎక్కడ పెట్టమంటారండి?”

సువర్ణ వేలితో చూపించింది. ఆయన తాపీగా సంతకం చేసి, కాగితం చేతికిచ్చి, ఏదో పెద్ద సాయం అడుగుతున్నవాడిలా నెమ్మదిగా అన్నారు. “మీ పనైపోయినట్టేనాండి? అయితే ఆ పన్నెండింటికీ కూడా మందు కొట్టించుకోమంటారా?”

ఇక ఆమె వల్ల కాలేదు. “రాజుగారూ, నేను వచ్చింది ఎనిమిది నెలలేనండి.”

“ఆయ్. తెలుసండి.”

“తెలిసీ ఎందుకు పెట్టేరండి సంతకం?”

“రాసుకొచ్చింది మీరు కదండీ. ఇంటికొచ్చిన ఆడకూతుర్ని పట్టుకుని ఇది అబద్ధమండీ అని ఎలా అంటామండి?”

బుల్లెమ్మ గారు పమిట చెంగు నలుపుతూ ముందుకొచ్చారు. “తప్పు మాది కూడా ఉంది లెండి” అన్నారు. “ఆఖరిసారి మీరొచ్చిన రోజు మా ఆడపడుచు వాళ్లు దిగేరండి. ఆ హడావుడిలో మిమ్మల్ని భోజనానికి లేవమనలేదు. ఆ తర్వాతినుంచీ మీరు రావడం మానేసేరు. అది మనసులో పెట్టుకున్నారేమోనని ఈయన ఇప్పటికీ నన్ను దెప్పుతారండి. కబురు పెడదామంటే మొహం చెల్లలేదు.”

సువర్ణకు ఆ రోజు భోజనం సంగతి గుర్తే లేదు. తను బద్ధకించి మానేస్తే, వీళ్లు ఆరేళ్లుగా తప్పు తమదనుకుని, ఎండుతున్న చెట్లకు ఏటేటా రంగు వేయిస్తూ కూర్చున్నారు. ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సంతకం ఉన్న కాగితాన్ని బల్ల మీద పరిచి, తను రాసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టేసింది.

“రేపే మందు కొట్టించండి రాజుగారూ. ఒక్క రోజు కూడా ఆగొద్దు.”

“మరి మీ చదువండి?”

“నేను చెయ్యలేదని యూనివర్సిటీకి నేనే రాస్తానండి. పేరు కొట్టేస్తే కొట్టేయనివ్వండి. మీరేమీ అనలేదండి. నేనే రాలేదు. బద్ధకమండి, అంతే.”

ఎనిమిదేళ్లలో ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదలు. బాపిరాజు గారు తల గోక్కున్నారు. బుల్లెమ్మ గారి మొహం మాత్రం తేటపడింది.

“అయితే మామీద మీకు కోపమేం లేదాండి?”

 లేదన్నట్టు సువర్ణ తల అడ్డంగా ఊపింది. అంతే చాలనుకున్నారు కాబోలు, బుల్లెమ్మ గారు గబగబా లోపలికి వెళ్లి ఆకు వేసి భోజనానికి పిలిచారు. వద్దనే హక్కు ఆమెకెక్కడిది? వెళ్లి కూర్చుని, వంచిన తల ఎత్తకుండా, వడ్డించినదంతా తింది.